కొయ్యని మడతలు

పాత పుస్తకాల కొట్టాయనకు ఆ రోజు కాళ్లు నేల మీద నిలవలేదు. నూరేళ్లనాటి సముద్ర సాహస నవల చేతికొచ్చింది, అదీ పేజీల అంచు మడతలు కొయ్యనిది. ఆ రోజుల్లో పెద్ద కాగితాలు మడిచి అలాగే కుట్టేసేవాళ్లు, చదివేవాడే అంచు కోసుకుని పేజీలు విడదీసుకోవాలి. అంటే ఆ మడతల లోపలున్నది ఇంతవరకూ నరమానవుడెవడూ చదవలేదన్నమాట.

"మడతల జోలికి మాత్రం పోకండి," అన్నాడు ఫోన్లో, కొనబోయే పెద్దమనిషి. "నేనూ కొయ్యను. నా తర్వాత కూడా ఎవరినీ కొయ్యనివ్వను."

రాత్రి కొట్టాయన పేజీలన్నీ ఉన్నాయో లేదో చూడడానికి కొట్లోనే కూర్చున్నాడు. చూసిన పేజీకల్లా కింది మూల, రబ్బరుకు చెరిగేంత సన్నగా, తోక వంకర టిక్కు పెట్టడం ఆయన అలవాటు. ఇంతలో కొట్లో సాయముండే బావమరిది, చూసుకోకుండా షట్టర్ దించి తాళం వేసుకుపోయాడు.

ఫోన్ చేస్తే, "అయ్యో, లోపలే ఉన్నావా బావా! అరగంటలో వస్తా," అన్నాడు.

సరే, ఈలోగా పని కానిద్దామని ఒక మడతను కాస్త ఉబ్బించి లోపలికి తొంగిచూశాడు. మూలన టిక్కు ఉంది. తోక వంకర టిక్కు. పక్క మడతలోనూ ఉంది. ఆ పక్కదాంట్లోనూ.

చెవి మీది పెన్సిల్ కోసం తడుముకున్నాడు. లేదు. ఎక్కడో బాగా దగ్గర్లో, కాగితం మీద పెన్సిల్ గీస్తున్న చప్పుడు.

పరుగున పోయి షట్టర్‌ను దబదబా బాదాడు. చప్పుడే రాలేదు. అరచేతికి ఇనుము తగల్లేదు. గరుగ్గా, మెత్తగా, పాత కాగితం మడత తగిలింది.

దాని అవతల నుంచి, ఆ పెద్దమనిషికి పుస్తకం అప్పజెబుతున్న బావమరిది గొంతు లీలగా వినిపించింది.

"మీరన్నట్టే సార్. ఒక్క మడత కూడా కొయ్యలేదు."