చూరు మీది ముఖం

పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా ఏస్తేరు చేతులకు తొడుగులు వేసుకుంది. తెనాలి దగ్గరి ఈ వంటింట్లో ఆమె వేలు కదిలితే, ఫ్రాన్సులో ఎనిమిది వందల ఏళ్లనాటి చర్చి చూరు మీద యంత్రం చేతిలోని ఉలి కదులుతుంది. ఊళ్లో సగం ఇళ్లకు ఇప్పుడు ఇదే కూలిపని.

ఆ చూరు పొడుగునా రాతి తలలున్నాయి. వాననీళ్లు వాటి నోళ్లలోంచి కిందికి పడతాయి. పగిలిన తలను మళ్లీ చెక్కేవాళ్లు తమకు తోచిన ముఖం చెక్కవచ్చు. అది అక్కడి పాత శిల్పుల ఆచారం.

ఏస్తేరు తమ మేస్త్రీ రంగనాయకులు ముఖం చెక్కింది. చేతులు చచ్చుబడేదాకా తన అక్కతో ఇదే పని చేయించి, ఆపైన పనికిరావని తరిమేసింది అతనే.

సాయంత్రం అతను ఫోన్‌లో అరిచాడు. "ఒసేయ్, అది నా మొహమే! తీసెయ్!"

"తియ్యకూడదంటండీ. ఫాదర్లు చూసి ముచ్చటపడ్డారు. ఇంకో ఎనిమిది వందల ఏళ్లు ఉంటదంట."

ఫోన్ పెట్టేసి, అక్కకు అన్నం కలిపి తినిపిస్తూ, చర్చిని చూపించే తెరను ఆమె వైపు తిప్పింది. అక్కడ వాన మొదలైంది. చూరు మీంచి రాతి రంగనాయకులు వీధిలోకి వాంతి చేసుకుంటున్నాడు.

రోజూ రెండు ముద్దలకే చాలనే అక్క, తెర మీంచి చూపు తిప్పకుండా నోరు తెరిచింది.

"ఇంకో ముద్ద పెట్టవే."