నాలుగు రౌండ్ల లిఫ్ట్

మొదటి గుద్దుకే వంటాయన ముక్కు పగిలింది.

"నాటకాలు వద్దు!" రింగు పక్క కుర్చీలోంచి అరిచాడు సిమెంటు వ్యాపారి. "జనం టికెట్లు కొన్నది దెబ్బలు చూడ్డానికి. నాలుగు రౌండ్లు నిలబడితే ఈ ఆశ్రమానికి లిఫ్ట్ పెట్టించే ఖర్చంతా నాది. మోకాలు గానీ చెయ్యి గానీ ఒక్కసారి నేలకి తగిలిందా, వెళ్ళి గరిటె తిప్పుకో!"

వృద్ధాశ్రమం పెరట్లో అద్దెకు తెచ్చి బిగించిన రింగు అది. ఛాంపియన్‌తో తలపడాల్సిన బాక్సర్ జ్వరమని మొహం చాటేశాడు. విరాళాల పోటీ కాస్తా ఆగిపోతుందనుకుంటుండగా, ఆశ్రమంలో వంట చేసే ఈ నలభై ఎనిమిదేళ్ళ మనిషి చొక్కా విప్పి తాళ్ళ మధ్యలోంచి లోపలికి దూరాడు.

రక్తం నోట్లోకి కారుతుంటే ఉప్పగా తగిలింది. వంటాయన దాన్ని పక్కకు ఉమ్మి, చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఛాంపియన్ ఆ చేతుల మీదే బాదాడు. తర్వాత పక్కటెముకల మీద. గంట మోగేసరికి వంటాయనకి ఊపిరి అందడం లేదు.

మూలన స్టూలు మీద కూర్చోబెట్టి, బావమరిది తడిగుడ్డతో మొహం తుడిచాడు.

"ఇక చాలు బావా. అక్కకి నేనేం చెప్పుకోను?"

"మెట్ల మీంచి పడ్డానని చెప్పు."

"ఒక కన్ను మూసుకుపోయింది నీకు!"

"రెండోది ఉందిగా."

పై అంతస్తులో పద్నాలుగు మంది ఉన్నారు. మెట్లు దిగలేరు. పెరట్లో ఎండ ఎలా ఉందో కూడా అన్నం తెచ్చే వంటాయన్నే అడిగి తెలుసుకుంటారు. ఆ మాట బావమరిదికీ తెలుసు. అందుకే తువ్వాలు రింగులోకి విసిరేయబోయి, మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

రెండో రౌండులో ఛాంపియన్ అతన్ని తాళ్ళ దాకా తోసుకుపోయి నడుం మీద వరసగా నాలుగు గుద్దాడు. కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి. వంటాయన జారిపోతున్నాడు. ఆ క్షణంలో ఛాంపియన్ అతని చంకల కిందికి చేతులు పోనిచ్చి తాళ్ళకి అదిమేశాడు.

"అప్పుడే పడుకుంటావేంట్రా వంటోడా? నేనింకా మొదలే పెట్టలేదు!"

"విడిపోండి!" రిఫరీ ఇద్దరి మధ్యకీ దూరాడు. అప్పటికి కాళ్ళు కొంచెం కుదురుకున్నాయి.

వీడు మనిషి కాదు, అనుకున్నాడు వంటాయన. పడిపోతే సరదా అయిపోతుందని పడనివ్వడం లేదు.

ఆ కసితోనే మూడో రౌండులోకి దూకాడు. గంగాళాలు ఎత్తి దించిన చెయ్యి గాల్లో తిరిగి ఛాంపియన్ మూతి మీద పడింది. పెదవి చీలింది. జనం కుర్చీలు ఎక్కి ఈలలు వేశారు. ఛాంపియన్ నవ్వాడు. ఆ వెంటనే ఒక్క గుద్దు, సూటిగా పొట్టలో.

వంటాయన ముందుకి వంగిపోయాడు. నేల పైకి లేచొస్తున్నట్టు కనిపించింది. చెయ్యి ఆనించబోయేంతలో గడ్డం కింద ఇంకో గుద్దు పడింది. పళ్ళు పటపటలాడాయి. తల వెనక్కి ఎగిరి, మనిషి నిటారుగా నిలబడిపోయాడు.

"చంపేసేలా ఉన్నాడయ్యా, ఆపండి!" ఆశ్రమం నర్సు ఏడుస్తూ అరిచింది.

"వాడే ఒప్పుకున్నాడు," అన్నాడు వ్యాపారి, కాలు మీద కాలు మార్చుకుంటూ.

నాలుగో రౌండులో వంటాయనకి అరుపులన్నీ ఎక్కడో దూరంగా వినిపించాయి. కొడుతున్నది కనిపిస్తోంది, నొప్పి మాత్రం ఎవరిదో అన్నట్టుంది. ఒక పన్ను ఊడి నాలుక మీదకొచ్చింది. మింగేశాడు. చివరి నిమిషంలో మోకాళ్ళు మళ్ళీ మడతపడ్డాయి. మళ్ళీ ఆ రెండు చేతులే వచ్చి ఎదకి బిగించి పట్టుకున్నాయి.

"నిలబడరా! నా దెబ్బలింకా మిగిలున్నాయి!"

"విడదియ్యండి వాళ్ళని!" వ్యాపారి లేచి నిలబడ్డాడు.

రిఫరీ ఛాంపియన్ భుజం పట్టి లాగాడు. ఒకసారి, రెండోసారి. మూడోసారికి గంట మోగింది.

చేతులు విడిపోయాయి. వంటాయన ఊగాడు, తూలాడు, తాడు పట్టుకుని నిలబడ్డాడు.

వ్యాపారి గొంతు సవరించుకున్నాడు. అంతమంది ముందు మాట తప్పే దారి లేక మైకందుకుని, "లిఫ్ట్ ఇస్తున్నాను," అన్నాడు. పై అంతస్తు కిటికీల్లో పళ్ళేలు దడదడ మోగాయి. బావమరిది వలవలా ఏడ్చేశాడు.

వంటాయనకి ఇవేవీ పట్టలేదు. ఒంటికన్నుతో ఛాంపియన్ని వెతికాడు. వాడు తన వైపే వస్తున్నాడు. ఇక పడినా ఫర్వాలేదు, వీణ్ణి ఒక్కటి కొట్టే పడాలి. ఉన్న శక్తంతా కూడగట్టుకుని పిడికిలెత్తాడు.

ఛాంపియన్ అడ్డుకోలేదు. నోట్లోని పళ్ళకవచం తీసేసి, రక్తమోడుతున్న వంటాయన చెవి దగ్గరకి వంగాడు.

"కొట్టన్నా, నీ ఇష్టం... కానీ పైన పన్నెండో మంచంలో ఉన్న మా గురువుగారు లిఫ్టులో కిందికి దిగాక, నిన్ను మూడుసార్లు పడకుండా ఆపానని మాత్రం చెప్పకు, నేర్పిన ఆటంతా మర్చిపోయావట్రా అని నా చెవి పిండేస్తారు."