నాడి చెప్పిన జవాబు

సర్వేలవాళ్లు నోటిమాటను నమ్మడం మానేసి పదేళ్లయింది. మనుషులు అబద్ధాలాడతారట, నాడి ఆడదట. అందుకే ఇందుమతి ఎవరినైనా ప్రశ్న అడిగేముందు మణికట్టుకు పట్టీ కట్టేది. జవాబు పట్టీయే రాసుకునేది.

ఆ ఉదయం పాలమూరు దగ్గరి ఒక పల్లెలో బాలకిష్టమ్మకు పట్టీ కట్టి, "నీళ్లకేమైనా ఇబ్బందా అమ్మా?" అని అడిగింది.

"ఇబ్బందే గద బిడ్డా. నలభై ఏండ్ల సంది వాగవతల బోరుకాడికెల్లి మోస్తున్న," అంది ఆవిడ, చింతపండు గింజలు తీస్తూ నింపాదిగా.

పట్టీకున్న చిన్న తెరమీద 'పూర్తి తృప్తి' అని పడింది.

ఇందుమతి వెంటనే పై అధికారికి ఫోన్ చేసింది. "సార్, ఆవిడ ఇబ్బంది అంటోంది."

"నోరు వంద అంటుందమ్మా. గుండె నిమ్మళంగా ఉంది కదా, అదే ఉంచండి."

"నలభై ఏళ్ల తర్వాత కూడా గుండె దడదడలాడాలా సార్?"

ఆయన ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నడు బిడ్డా?"

"మీకు ఏ కష్టమూ లేదట."

బాలకిష్టమ్మ నవ్వింది. "మొత్తుకుంటె బిందె బరువు తగ్గుతదా?"

ఆ నవ్వుకు ఇందుమతి ఒళ్లు మండిపోయింది. పట్టీ విప్పి తన చేతికే కట్టుకుంది. "నేనడిగిందే ఇప్పుడు మీరు నన్నడగండి."

"నీళ్లకేమన్న ఇబ్బందా బిడ్డా?"

'భరించలేని ఇబ్బంది' అంది తెర. బాలకిష్టమ్మ పేరు మీదే ఆ జవాబు పంపేసి, పట్టీ విప్పకుండానే ఇందుమతి పక్కింటి తలుపు తట్టింది.