రీస్టార్ట్

"ఇగ నీ సిస్టమ్ సతాయించదు స్వరూపా!" అన్నాడు భర్త రవీందర్, పాత హార్డ్ డిస్క్ ఊడదీసి, దానికన్నా ఎంతో వేగంగా పనిచేసే కొత్త ఎస్‌ఎస్‌డీ బిగిస్తూ. "షాపోడు ఏదో పేరులేని అగ్గువ మాల్ అంటగడ్తుండె. ఐదేండ్ల వారంటీ ఉన్నదే కావాలన్న. పైసా వసూల్!"

హైటెక్ సిటీ కంపెనీకి స్వరూప నిజాంపేటలోని ఇంటి నుంచే పని చేస్తుంది. కంప్యూటర్ మనది, కరెంటు మనది, కాపలా మాత్రం వాళ్లది. మౌస్ కాసేపు కదలకపోతే ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఆమె ఖాళీగా ఉందని రాసుకుంటుంది. దీన్ని క్రమశిక్షణ అని మెచ్చుకునే పెద్దమనుషులు ఒక్క పూట ఆ కుర్చీలో కూర్చోవాలి! సిస్టమ్ మాటిమాటికీ ఆగిపోతోంది, బాగుచేయించుకో, లేదా ఉద్యోగం వదులుకో అని మేనేజర్ నిన్ననే తెగేసి చెప్పాడు.

రవీందర్ స్విచ్ వేశాడు. చూస్తుండగానే తెర వెలిగింది.

"చూసినవా? పాతది తెరుచుకునే లోపల చాయ్ తాగి రావచ్చుండె!"

స్వరూప నవ్వలేదు.

"ఏందే, ముఖం గట్ల పెట్టినవ్?"

"అది దానంతటది ఆగిపోలే. నేనే బంద్ చేసి మళ్ల చాలు చేస్తుంటి. అది తెరుచుకునేదాకా పట్టే టైం వాళ్ల ఖాళీ లెక్కల పడది."

"గట్లెందుకు చేసినవ్?"

"మూత్రం ఆపుకుంటే కిడ్నీలు ఖరాబైతయని దవాఖానల డాక్టరమ్మ నీ ముంగటనే చెప్పింది గద. మరి బాత్రూముకు ఎప్పుడు పోవాలె?"

తెర మీద ఆమె ఖాళీ సమయం లెక్క అప్పటికే మొదలైంది.