మంచులో పొయ్యి

"హాబీ దగ్గర యుద్ధ చరిత్ర పుస్తకాలు చదవడం అని రాశావు. మంచిదే. నేను తప్పకుండా చదవాల్సిన పుస్తకం ఒకటి చెప్పు," అన్నాడు కల్నల్ పద్మనాభం.

యుద్ధం మీద భావన ఒక్క పుస్తకమూ చదవలేదు. క్రికెట్, సంగీతం అందరూ రాస్తారు, నువ్వు ఎవరూ రాయనిది రాయి అని కోచింగ్ సెంటర్లో చెబితే రాసేసింది.

అశోకా రోడ్డులోని ఒక గెస్ట్ హౌస్ మేడ మీద జరుగుతున్న నమూనా ఇంటర్వ్యూ అది. సివిల్స్ ఇంటర్వ్యూకి వెళ్ళబోయే పిల్లల కోసం తెలుగు సంఘం వాళ్ళు పెడతారు. ఇందులో మెప్పించినవాళ్ళకు అసలు ఇంటర్వ్యూ అయ్యేదాకా సంఘం హాస్టల్లో గది ఇస్తారు. ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క గది. మయూర్ విహార్‌లో భావన ఉంటున్న గదిని ఇంటివాళ్ళు ఆదివారానికల్లా ఖాళీ చెయ్యమన్నారు.

బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో రిటైరైన కలెక్టరు సదాశివరావు. ఆయనకు ఒక పక్క ప్రొఫెసర్ కృష్ణకుమారి, ఇంకో పక్క కల్నల్. కింద క్యాంటీన్లో పప్పు తాలింపు వేస్తున్నట్టున్నారు, వాసన మేడ మీదికి వస్తోంది.

"'మంచులో పొయ్యి' సర్," అంది భావన.

"ఎవరు రాశారు?"

"లింగయ్య గారు సర్. సైన్యంలో వంటవాడు."

అలాంటి పుస్తకం లేదు. లింగయ్య అనే వంటవాడూ లేడు. ఆ ముక్క ఇప్పుడు కల్నల్ అంటాడు, తను లేచి బయటికి పోవచ్చు అనుకుంది.

కల్నల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అచ్ఛా, లింగయ్యదా. చదివాను," అన్నాడు.

భావన ఆయన ముఖంలోకి చూసింది. ఎక్కడా నవ్వు లేదు.

"మంచి పుస్తకం. జనరల్స్ రాసిన పుస్తకాల్లో ఎవరికీ ఆకలి వెయ్యదు. ఇందులో వేస్తుంది," అన్నాడు కల్నల్ మళ్ళీ.

"అనువాదమే కాస్త పేలవంగా ఉంది," అంది కృష్ణకుమారి.

"తెలుగులోనే రాశారు మేడమ్," అంది భావన నోరు ఊరుకోక.

"అవును. నేను ఇంగ్లీషులోకి చేసినదాని గురించి అంటున్నాను."

సదాశివరావు ఇద్దరి వంకా చూసి, "నేనైతే చదవలేదు. ఏముందమ్మా అందులో?" అని అడిగాడు.

ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు. భావన మొదలుపెట్టింది.

"కొండ మీద పోస్టులో పప్పు ఒక పట్టాన ఉడకదు సర్. లింగయ్య ఎన్ని విజిల్స్ రానిచ్చినా గింజ గింజగానే ఉంటుంది. ఆ విజిల్ విని అవతలివాళ్ళు మనవాళ్ళు ఏదో సైగ చేసుకుంటున్నారు అనుకుంటారు. వెంటనే గుళ్ళు కురిపిస్తారు. పప్పు కావాలంటే గుళ్ళకు సిద్ధపడాలి. వద్దంటే పస్తుండాలి."

"కరెక్ట్. ఆ విజిల్ సంగతి ఆర్మీలో అందరికీ తెలుసు," అన్నాడు కల్నల్.

కృష్ణకుమారి కూడా తల ఊపింది. దాంతో భావనకు ధైర్యం వచ్చింది. చేతులు బల్ల మీద పెట్టి ముందుకు వంగింది.

"చివర్లో సర్, లింగయ్య కుక్కర్ మూత పెట్టకుండా రాత్రంతా మంట దగ్గరే కూర్చుని పప్పు ఉడికిస్తాడు. తెల్లవారకముందే డబ్బా వీపుకి కట్టుకుని పై పోస్టుకి ఎక్కుతాడు. దారిలో గుండు తగిలి చనిపోతాడు. కుర్రాళ్ళు వచ్చి చూసేసరికి డబ్బా ఇంకా వేడిగానే ఉంటుంది."

కృష్ణకుమారి చేతిరుమాలు తీసుకుంది. సదాశివరావు మాత్రం పెన్ను పట్టుకుని ఆలోచనలో పడ్డాడు.

"లింగయ్యే కదమ్మా పుస్తకం రాసింది?"

"అవును సర్."

"మరి చనిపోయాక రాశాడా?"

హాస్టల్ గది తలుపు తన ముఖం మీదే మూసినట్టనిపించింది భావనకు.

"చనిపోయాడా లేదా అన్నది రచయిత పాఠకులకే వదిలేశాడు సర్," అంది కృష్ణకుమారి.

"వదల్లేదు. లింగయ్య చనిపోడు. గాయపడతాడంతే. ఈ అమ్మాయి పుస్తకం చివరిదాకా చదవలేదు," అన్నాడు కల్నల్.

సదాశివరావు కుర్చీలో ముందుకు జరిగాడు.

"చూడమ్మా, కల్నల్ గారు చదివారు, మేడమూ చదివారు. వాళ్ళ ముందు దాచి లాభం లేదు. నిజం చెప్పు. ఆ పుస్తకం నువ్వు చదివావా?"

భావన తల వంచుకుంది. ఆదివారం మంచం, పుస్తకాల పెట్టె ఎక్కడికి మోసుకెళ్ళాలో తెలియదు. అయినా ఇంకో అబద్ధం ఆడే ఓపిక ఆమెలో మిగల్లేదు.

"లేదు సర్. చదవలేదు."

సదాశివరావు పెన్ను బల్ల మీద పెట్టాడు.

"పొద్దుట్నుంచి ఎంతమంది వచ్చారు. చదవలేదని, తెలీదని ఒక్కళ్ళూ ఒప్పుకోలేదు. బోర్డు వాళ్ళు చూసేది ఇదే. నన్నడిగితే గది ఈ అమ్మాయికే ఇవ్వాలి. మీరేమంటారు?"

"ఇవ్వండి. నిజాయితీ ఉన్న పిల్ల," అంది కృష్ణకుమారి.

"ఠీక్ హై," అన్నాడు కల్నల్.

భావన లేచి ముగ్గురికీ దణ్ణం పెట్టింది. తలుపు దాకా వెళ్ళింది.

"అమ్మాయ్," అని పిలిచాడు కల్నల్.

ఆమె ఆగి వెనక్కి తిరిగింది.

"ఆ చివరి అధ్యాయం మాత్రం తప్పకుండా చదువు. లింగయ్యను భుజాన వేసుకుని కొండ దించింది నేనే."