ద్రాక్ష పులిసిన వాసన

"బండి తండాలకు రావద్దు. గాడనే ఆపుండ్రి."

దేవ్యా అంబులెన్సుకు అడ్డంగా నిలబడ్డాడు. లోపల ఉన్నది అతని ఒక్కగానొక్క కొడుకు ప్రేమ్‌సింగ్ శవం. నాసిక్ దగ్గర వైన్ ఫ్యాక్టరీలో చనిపోతే, మహబూబాబాద్ దాటించి ఇక్కడిదాకా తెచ్చారు. తండా మొదట్లో డ్రైవరు వెనక తలుపు తీశాడో లేదో, సారా వాసన గుప్పుమంది.

"తాగి సచ్చినోడు నా ఇంట్లకు రావద్దు" అన్నాడు దేవ్యా. "సేవాలాల్ గుడిల ఒట్టు పెట్టిండు. చుక్క ముట్టనన్నడు."

భార్య సీతాబాయి అతని కాళ్ల మీద పడింది. "కన్నకొడుకును ఎండల పెడ్తవా?"

దేవ్యా కదల్లేదు.

శవంతో పాటు వచ్చిన సంతోష్ బండి దిగాడు. అతని ఊరు కొడకండ్ల. ప్రేమ్‌సింగ్‌తో ఒకే గదిలో ఉంటూ అదే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు.

"వాడు తాగలే కాకా."

"మరి గీ వాసన ఏంది?"

"ద్రాక్షది. జర నా మాట ఇను."

సంతోష్ తడబడుతూనే చెప్పాడు. ద్రాక్షపండ్లను చిదిమి, తొక్కలతో సహా ఇల్లంత ఎత్తు స్టీలు తొట్టిలో పోస్తారు. పొయ్యి ఉండదు, మంట ఉండదు. దానంతట అదే నురుగు కక్కుతూ పది రోజులు పులుస్తుంది. రసం తీసేశాక అడుగున మోకాలిలోతు తొక్కలు మిగులుతాయి. మనిషి లోపలికి దిగి వాటిని పారతో తోడాలి.

"పులిసినప్పుడు ఒక తీరు గాలి పుడ్తది కాకా. కండ్లకు కనపడది. అడుగునే ఉంటది. నాలుగుసార్లు పీలిస్తే మనిషి కూలవడ్తడు. వాడు గా తొక్కలల్లనే పడ్డడు. గాలి పోగొట్టి బయటికి తీసేసరికి అరగంటైంది."

దేవ్యా బండెక్కాడు. గుడ్డ తొలగించి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. గోళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో నేరేడు రంగు మరక. భుజం మీది తువ్వాలతో తుడిచాడు. పోలేదు. ఉమ్మి తడి చేసి మళ్లీ తుడిచాడు.

"గా రసం ఏం జేస్తరు?" అని అడిగాడు, తలెత్తకుండానే.

"కట్టె పీపాలల్ల పోసి ఏడాది, రెండేండ్లు ఉంచుతరు. కట్టె కొంచెం కొంచెం తాగుతది. తగ్గినకాడికి మళ్ల నింపుకుంట ఉండాలె. వచ్చే నెల నుంచి వాన్ని గా పనికే మార్చిండ్రు. నీడపట్టున పని. ఇంటికొచ్చి చెప్తనని మస్తు సంబురపడ్డడు."

దేవ్యా చాలాసేపు ఆ చేతిని వదల్లేదు. తర్వాత కిందికి దిగి, "నీళ్లు కాగబెట్టు" అన్నాడు భార్యతో. "పిలగానికి తానం చేపియ్యాలె."

బండి తండాలోకి కదిలింది. సీతాబాయి ఏడుస్తూ దాని వెంట నడిచింది. దేవ్యా మాత్రం సంతోష్ చెయ్యి పట్టి ఆపాడు.

"గాలి సంగతి వానికి ఎరుకేనా?"

"ఎరుకే కాకా. ఫ్యాన్ పెట్టి గంటసేపు ఆగినంకనే దిగాలె. నాకు నేర్పిందే వాడు."

"మరి ఆగకుంట ఎందుకు దిగిండు?"

సంతోష్ బండి వెళ్లినవైపు చూశాడు. "ఇడిసిపెట్టు కాకా. ఇప్పుడెందుకు."

"చెప్పు. నేను తండ్రిని."

"పైనుంచి వంగి చూస్తుంటే వాని జేబులకెల్లి ఫోను జారి తొట్టిల పడ్డది. పడ్డంక, రోజూ మోగే యాల్లకే మోగింది. ఫ్యాన్ పెడ్తున్న ఆగురా అంటున్న, ఇనలే. 'ఎత్తకపోతే తాగి పండుకున్ననంటడు మా బాపు' అనుకుంటనే దిగిండు."