కడగని రీలు

“ట్రైపాడ్ మాస్టారి దగ్గర ఉందమ్మా. ఫ్లాషూ ఉంది,” అన్నాడు అబ్దుల్ ఖాదర్, గాజు బీరువాలోంచి తీసినవన్నీ మళ్ళీ లోపల సర్దుతూ.

చీరాలలో ఆ ఫొటో స్టూడియోకి రెబ్కా రావడం అదే మొదటిసారి. అరగంటగా బల్ల ముందు నిలబడే ఉంది. కెమెరా సంచీ చూసింది, లెన్సు తుడిచే బట్ట చూసింది, పెద్ద ఆల్బమ్ తిరగేసింది. దేనిమీదా ఆమె చెయ్యి నిలవలేదు. ఫొటోల పిచ్చి ఉన్న మనిషికి ఏది ఇస్తే సంతోషిస్తాడో ఆమెకు తెలియదు. తెలియదని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఆమె పనిచేసే మిషన్ బడిలో ఏటా డిసెంబరు మొదట్లో ‘క్రిస్మస్ ఫ్రెండ్’ చీట్లు తీస్తారు. ఎవరి పేరు వచ్చిందో గుట్టుగా ఉంచి, సెలవులిచ్చే రోజున వాళ్ళకి బహుమతి ఇవ్వాలి. ఆ ఏడు, 2001లో, రెబ్కా తీసిన చీటీలో లెక్కల మాస్టారు మార్క్ పేరు వచ్చింది. పక్కనున్న క్రిస్టీనా టీచర్ ఆ పేరు చూసి, ఆమె మొహమూ చూసి, చీటీ మార్చుకుందామా అని చెవిలో అడిగింది. రెబ్కా వద్దని తలూపింది. ఎందుకు వద్దందో ఆమెకే తెలియలేదు.

స్టాఫ్ రూములో ఆయన కిటికీ పక్కన కూర్చుంటాడు, ఆమె తలుపు పక్కన. మధ్యలో ఆరు కుర్చీలు. రిజిస్టరు ఇటివ్వండి, బెల్లు కొట్టారా... అంతకు మించిన మాట వాళ్ళిద్దరి మధ్యా నడవగా అక్కడ ఎవరూ వినలేదు. ఆయన చొక్కా పైబొత్తం ఊడితే ముందు ఆమె కంటనే పడుతుంది. టీలో పంచదార ఎక్కువైతే సగం వదిలేస్తాడనీ ఆమెకు తెలుసు. అనాలనుకున్న మాట మాత్రం గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. ఆదివారం ఆరాధన అయిపోగానే ఆయన కెమెరా మెడలో వేసుకుని సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు. ఎక్కడికని అడగడానికి ఆమెకు ఏ వారమూ నోరు రాలేదు.

“ఇంతకీ ఆయన ఏం ఫొటోలు తీస్తారండీ?” అని ఖాదర్‌ని అడిగింది.

ఖాదర్ హుషారుగా చెప్పుకొచ్చాడు. పర్చూరు వైపు మిరప కళ్ళాలు, పగిలిన పత్తి చేలు, కాలవ గట్టున కొంగలు. ఒక్క కొంగ కోసం పూటంతా కూర్చోగలరట. మనుషుల్ని మాత్రం తీయరట. పెళ్ళికి పిలిచినా, చర్చిలో పండక్కి అడిగినా కెమెరా తేరట.

“నిజం చెప్పమంటే, ఆయనకి ఇవ్వదగ్గది నా షాపులో ఒక్కటే ఉందమ్మా. అదీ ఆయనదే.”

సొరుగు అడుగునుంచి ఒక పాత కవరు తీసి బల్ల మీద పెట్టాడు. లోపల, ఫొటోలు తీయడం పూర్తయిన ఫిల్ము రీలు. ఏడేళ్ళ కిందట ఇచ్చి, తను చెప్పేదాకా కడిగి ఫొటోలు వేయొద్దన్నారట. ఇప్పటికీ నెలకోసారి వచ్చి, ఉందా అని అడుగుతారట. ఉందంటే తలూపి వెళ్ళిపోతారట. ఇంకా ఉంచితే పాడైపోతుందని ఎన్నిసార్లు చెప్పినా వినరట.

కవరు మీద పెన్సిలుతో తేదీ వేసి ఉంది. 1994 ఏప్రిల్ 12. రెబ్కా ఆ అంకెల వంక చాలాసేపు చూసింది.

“ఇది కడిగి ఇవ్వండి,” అంది.

“ఆయన చెప్పందే ఎలాగమ్మా? ఒకరి రీలు ఇంకొకరి చేతికి నేనెప్పుడూ ఇవ్వలేదు.”

ఆమె బల్ల మీదికి వంగి, నెమ్మదిగా ఏదో చెప్పింది. ఖాదర్ ఆమెను ఎగాదిగా చూశాడు. ఆపైన మారు మాట్లాడకుండా కవరు పక్కకు తీసి, ఎల్లుండి రమ్మన్నాడు.

ఎల్లుండి వెళ్ళేసరికి ఖాదర్ మొహం వేలాడేసుకుని ఉన్నాడు. ముప్ఫయ్యారింట్లో ముప్ఫయ్యయిదు తుడిచిపెట్టుకుపోయాయి. ఇన్ని ఎండాకాలాల వేడి తిన్న రీలు మరి. మిగిలిన ఆ ఒక్కటీ మసకే. రెండు పిలకలేసుకున్న నాలుగేళ్ళ పాప, ఆరబోసిన మిరపకాయల పక్కన గొంతుక్కూర్చుని నవ్వుతోంది. ఎండ తగలకుండా ఎవరో పాప తల మీద కొంగు పట్టారు. ఫొటోలోకి కొంగే వచ్చింది, మనిషి రాలేదు.

“చనిపోయిన పాప ఆఖరి ఫొటోలు... నా చేతిలో ఏమీ లేకపోయిందమ్మా,” అన్నాడు ఖాదర్.

రెబ్కా ఫొటోని కవర్లో పెట్టుకుని బయటికొచ్చింది. దారిలో రెండుసార్లు ఆగింది. ఆయన మూసిపెట్టుకున్నదాన్ని తెరవడానికి తనెవరు అనిపించింది. ఏదో ఒక పెన్ను కొనిచ్చి ఊరుకుంటే పోయేది. కానీ అప్పటికే కడిగేసిన రీలుని కడగనిదిగా చేయడం ఎవరి తరం?

సెలవులిచ్చే రోజు స్టాఫ్ రూములో కేకు కోశారు. ఒక్కొక్కరే లేచి, తమ ఫ్రెండ్ ఎవరో చెప్పి బహుమతి ఇస్తున్నారు. రెబ్కా లేచేసరికి గదిలో మాటలు సద్దుమణిగాయి. ఆరు కుర్చీలూ దాటి వెళ్ళి కవరు మార్క్ ముందు పెట్టింది. హ్యాపీ క్రిస్మస్ అనాలనుకుంది. అనకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆయన కవరు విప్పాడు. ఫొటోని కిటికీ వెలుతురులోకి తిప్పి పట్టుకుని, చూస్తూ ఉండిపోయాడు. క్రిస్టీనా టీచర్ కళ్ళొత్తుకుంది. రెబ్కాకి అక్కణ్నుంచి పారిపోవాలని ఉంది. ఆయన నలుగురిలో తిట్టినా బాగుండుననుకుంది.

మార్క్ తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. అలా చూసి ఏళ్ళయింది. పెదవులు రెండుసార్లు ఊరికే కదిలాయి. మూడోసారికి మాట వచ్చింది.

“మన పాప ఫొటో ఇంట్లో ఎక్కడ పెడదాం, రెబ్కా?”